సూదుల మెత్తగా పుట్టిన ఏనుగు, ప్రపంచం చుట్టిన ఎలుగు: మార్గరెటె స్టైఫ్ జీవితం

1879 డిసెంబరులో జర్మనీ దక్షిణ ప్రాంతంలోని గీంగెన్ పట్టణానికి ఒక ఫ్యాషన్ పత్రిక సంచిక చేరింది. ఆ పత్రిక పేరు మోడెన్‌వెల్ట్. ఇంటి దగ్గర కుట్టుపని చేసుకునే స్త్రీల కోసం అందులో దుస్తుల నమూనాలు, అల్లికల బొమ్మలు అచ్చు వేసేవారు. ఆ సంచికలో ఒక చిన్న ఏనుగు నమూనా ఉంది. ముప్పై రెండేళ్ల మార్గరెటె స్టైఫ్ దాన్ని చూసి ముచ్చటపడ్డారు. తన దుకాణంలో లోపావడాలు కత్తిరించగా మిగిలిన ఫెల్ట్ ముక్కలతో ఆ ఏనుగును కుట్టి, లోపల ఉన్ని కూరి, గుండుసూదులు గుచ్చుకునే మెత్తగా తయారు చేశారు. అలాంటివి మరికొన్ని కుట్టి స్నేహితురాళ్లకు, బంధువులకు కానుకగా ఇచ్చారు. అమ్మాలన్న ఆలోచన అప్పటికి ఆమెకు లేదు.

సూదులు గుచ్చుకోవడానికి ఇచ్చిన ఆ వస్తువును పిల్లలు లాక్కున్నారు. వారికది ఆటబొమ్మ. నేడు ప్రపంచమంతటా పిల్లల పక్కల మీద కనిపించే మెత్తటి బొమ్మల చరిత్రలో ఆ ఏనుగుకు తొలి వరుసలో చోటుంది. టెడ్డీ బేర్ అని మనం పిలుచుకునే ఎలుగుబంటి బొమ్మ కూడా సుమారు ఇరవై మూడేళ్ల తరువాత ఆ ఇంటి నుంచే వచ్చింది. అయితే ఆ ఏనుగును కుట్టిన స్త్రీ నడవలేరు. కుడి చేయి ఎత్తితే నొప్పి. జీవితమంతా చక్రాల కుర్చీలోనే గడిపారు.

చేతి బండిలో బాల్యం

మార్గరెటె 1847 జూలై 24న గీంగెన్‌లో జన్మించారు. తండ్రి ఫ్రీడ్రిష్ స్టైఫ్ ఇళ్లు కట్టించే మేస్త్రీ. ఇద్దరు అక్కలు మరీ, పౌలీనె. తరువాత పుట్టిన తమ్ముడు ఫ్రిట్జ్. ఏడాదిన్నర వయసులో మార్గరెటెకు తీవ్రమైన జ్వరం వచ్చింది. జ్వరం తగ్గాక చూస్తే రెండు కాళ్లలో కదలిక లేదు, కుడి చేతిలో బలం లేదు. అది పోలియో అని తేలడానికి కొన్నేళ్లు పట్టింది. తేలినా చేయగలిగిందేమీ లేదు. పోలియో టీకా వాడుకలోకి వచ్చింది 1955లో, అంటే మరో శతాబ్దం దాటాక. మన దేశం పోలియో రహితమని ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించింది 2014 మార్చిలో. మన పల్లెల్లో ఆ వ్యాధి మిగిల్చిన గుర్తులను కళ్లారా చూసిన తరం ఇంకా ఉంది కనుక, ఆ ఇంట్లోని దిగులు ఎలాంటిదో తెలుగు శ్రోతలకు వివరించనక్కరలేదు.

తల్లిదండ్రులు ఆశ వదులుకోలేదు. 1856లో తొమ్మిదేళ్ల బాలికను లుడ్విగ్స్‌బర్గ్‌లో డాక్టర్ వెర్నర్ నడుపుతున్న పిల్లల వైద్యశాలకు తీసుకెళ్లారు. అక్కడ కాలికి శస్త్రచికిత్స జరిగింది. ఆ తరువాత వేడినీటి బుగ్గలకు పేరుపడిన విల్డ్‌బాడ్‌లో కొంతకాలం ఉంచారు. ఫలితం లేదు. అయితే ఇంటికి దూరంగా, సాటి పిల్లల మధ్య గడిపిన ఆ నెలలు మార్గరెటెకు మరో మేలు చేశాయి. అక్కడ ఆమె అందరితో కలిసిపోయారు, నవ్వించారు, చదువు కొనసాగించారు. ఇంటికి వచ్చాక కూడా తోబుట్టువులు, ఇరుగుపొరుగు పిల్లలు ఆమెను చెక్క చేతి బండిలో కూర్చోబెట్టి బడికి లాక్కెళ్లేవారు. బడి మెట్లెక్కడానికి ఎవరో ఒకరు ఎత్తుకునేవారు.

వీధిలో ఆటలాడే వేళ పరుగెత్తలేని ఈ పిల్ల అందరికీ నాయకురాలు. కూర్చున్న చోటి నుంచే కొత్త ఆటలు కల్పించేవారు, కథలు చెప్పేవారు. చిన్నపిల్లలను ఆమె దగ్గర వదిలి పెద్దలు పనులకు వెళ్లేవారు. పిల్లలకు ఏది నచ్చుతుందో, ఏది చేతికి మెత్తగా తగలాలో ఆమెకు తెలియడానికి ఆ వీధే బడి అయి ఉండాలి.

తల్లికి మాత్రం ఒకటే బెంగ. తాము పోయాక ఈ పిల్ల ఎవరి మీద ఆధారపడాలి? ఆ కాలపు పట్టణంలో పెళ్లి కాని, నడవలేని స్త్రీకి సొంత సంపాదన అనే మాటే అరుదు. తమ్ముడి ఇంట్లో ఓ మూలన గడిపే బతుకే ఆమెకు రాసి ఉందని చాలామంది అనుకుని ఉంటారు. ఆమె తన జీవితాన్ని మలచుకున్నది ఆ మూలకు చేరకుండా ఉండటానికే.

తిప్పి పెట్టిన కుట్టు మిషన్

కుడి చేయి సహకరించకపోయినా మార్గరెటె కుట్టు బడిలో చేరారు. మొదట్లో ఆమె కుట్లు వంకరపోయేవి. అక్కలు చేసిన పనితో పోలిస్తే ఆమె పని వెనుకబడే ఉండేది. అయినా వదలలేదు. పదిహేడేళ్లు వచ్చేసరికి కుట్టుపనిలో శిక్షణ పూర్తి చేశారు. నడక మళ్లీ వస్తుందేమోనన్న ఎదురుచూపును దాదాపు ఆ వయసులోనే ఆమె పక్కన పెట్టారు.

అక్కలతో కలిసి దుస్తులు కుట్టడం మొదలుపెట్టాక ఆ ఇంటికి కుట్టు మిషన్ వచ్చింది. గీంగెన్ పట్టణంలో అదే మొదటి మిషన్ అని చెబుతారు. దాని చక్రం కుడి వైపున ఉంటుంది. కుడి చేత్తో తిప్పాలి. మార్గరెటెకు ఆ బలం లేదు. ఆమె కనిపెట్టిన ఉపాయం చూడటానికి చాలా చిన్నది. మిషన్‌ను వెనక్కి తిప్పి పెట్టుకున్నారు. అప్పుడు చక్రం ఎడమ చేతి వైపుకు వచ్చింది. కుట్టే బట్ట ఎదురు దిశలో కదులుతుంది, కన్ను దానికి అలవాటు పడాలి. ఆమె అలవాటు చేసుకున్నారు. మన దర్జీలలో ఎవరినైనా మిషన్‌కు అవతలి వైపు కూర్చుని నాలుగు అంగుళాలు నిటారుగా కుట్టమంటే ఆ కష్టం అర్థమవుతుంది.

సాయంత్రాలు ఆమెకు జిథర్ ఉండేది. బల్ల మీద పరిచి వాయించే తంత్రీ వాద్యం అది. కూర్చున్న చోటే వాయించవచ్చు. తాను నేర్చుకోవడమే కాకుండా ఇతరులకు పాఠాలు చెప్పి నాలుగు డబ్బులు సంపాదించారు. ఆమె జీవితం గురించి రాసే వారు ఎక్కువగా వ్యాపార విజయాన్నే వర్ణిస్తారు. కానీ ఈ సంగీతం, ఇంటికి వచ్చిపోయే పిల్లల సందడి, బంధువుల ఇళ్లకు చేసిన ప్రయాణాలు పక్కన పెడితే ఆమె బొమ్మల్లోని సరదా ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాదు. ఆమె దిగులు మనిషి కాదు.

1874లో తండ్రి ఇంట్లో ఒక భాగాన్ని ఆమె కోసం కుట్టుపని గదిగా మార్చారు. 1877లో మార్గరెటె సొంతంగా ఫెల్ట్ దుస్తుల దుకాణం తెరిచారు. గీంగెన్‌లో ఫెల్ట్ తయారు చేసే మిల్లు ఉండటం ఆమెకు కలిసివచ్చింది. ఫెల్ట్ నేసిన బట్ట కాదు. ఉన్నిని తడిపి, వేడి చేసి, నొక్కి అట్టలా పరిచిన బట్ట. పడుగు, పేక ఉండవు కనుక కత్తిరించిన అంచున దారాలు ఊడవు. అంచు మడిచి కుట్టే అవసరం లేదు. చిన్న చిన్న ముక్కలుగా కోసి చెవి, తొండం, తోక తయారు చేయడానికి అంతకంటే అనువైన బట్ట ఉండదు. ఆమె కుట్టిన ఫెల్ట్ లోపావడాలకు గిరాకీ పెరిగింది. పనివాళ్లను పెట్టుకున్నారు.

అలాంటి స్థితిలో, పని మధ్య దొరికిన తీరికలో, ముక్కలతో కుట్టిన బొమ్మే మొదట చెప్పుకున్న ఏనుగు.

అభిరుచి నుంచి అంగడికి

కానుకగా ఇచ్చిన ఏనుగులు చూసిన వారు మాకూ కావాలన్నారు. తమ్ముడు ఫ్రిట్జ్ కొన్నింటిని సంచిలో వేసుకుని పక్కనే ఉన్న హైడెన్‌హైమ్ సంతకు తీసుకెళ్లాడు. అన్నీ అమ్ముడయ్యాయి. ఆ రోజుల్లో పిల్లల బొమ్మలంటే చెక్క, తగరం, పింగాణీ. పింగాణీ బొమ్మ పగులుతుంది, చెక్క గుచ్చుకుంటుంది. పక్కలో పెట్టుకుని నిద్రపోయే బొమ్మ బజారులో దాదాపు లేదు. 1886 నాటికి ఏడాదికి అయిదు వేలకు పైగా ఏనుగులు అమ్ముడుపోయాయి. ఏనుగు వెంట కోతి, గాడిద, గుర్రం, ఒంటె, పంది, ఎలుక, కుక్క, పిల్లి వచ్చాయి. 1892లో వెలువడిన తొలి బొమ్మల పట్టికలో ఇవన్నీ బారులు తీరాయి.

ఇల్లు చాలలేదు. ఫ్రిట్జ్ తండ్రి వృత్తినే చేపట్టాడు. అక్క కోసం 1890 ప్రాంతంలో కొత్త ఇల్లు కట్టించాడు. కింద దుకాణం, పైన నివాసం. అక్క చక్రాల కుర్చీ ఎవరి సాయం లేకుండా తిరిగేలా ఆ ఇంటిని అమర్చారు. వికలాంగులకు అనువైన భవనాల గురించి ప్రభుత్వాలు చట్టాలు చేయడానికి దాదాపు వందేళ్ల ముందు ఒక తమ్ముడు తన అక్క కోసం చేసిన పని అది. 1893లో సంస్థ ఫెల్ట్ బొమ్మల కర్మాగారంగా నమోదైంది. లైప్‌జిగ్‌లో జరిగే బొమ్మల వర్తక ప్రదర్శనలో స్టైఫ్ బొమ్మలు కనిపించసాగాయి.

మార్గరెటె కర్మాగారం అధిపతి అయినా కొత్త బొమ్మ తొలి నమూనాను తన చేతుల్లోకి తీసుకుని చూడందే బయటకు పంపేవారు కాదు. అతుకు గట్టిగా ఉందా, పిల్లవాడు నోట పెట్టుకుంటే ఏమవుతుంది, ముఖం స్నేహంగా ఉందా, ఇవే ఆమె అడిగే ప్రశ్నలు. పిల్లల కోసం చేసే వస్తువులో రెండో రకం ఉండకూడదన్నది ఆమె పెట్టుకున్న నియమం. ఆ నియమం సంస్థకు నినాదమై నేటికీ నిలిచింది. అయితే ఆమె ఆ పట్టుదలను ప్రకటనల కోసం మొదలుపెట్టలేదు.

ఎలుగుబంటి వచ్చిన దారి

మార్గరెటె పెళ్లి చేసుకోలేదు. ఫ్రిట్జ్ కుమారులు ఒకరి తరువాత ఒకరు మేనత్త దగ్గర పనిలో చేరారు. వారిలో 1877లో పుట్టిన రిచర్డ్ ఆమెకు బాగా దగ్గర. స్టుట్‌గార్ట్‌లో కళాశిక్షణ పొందాడు. ఆ నగరంలో నిల్ అనే కుటుంబం నడిపిన జంతుప్రదర్శనశాల ఉండేది. రిచర్డ్ గంటల తరబడి ఎలుగుబంట్ల ఆవరణ ముందు కూర్చుని అవి లేచి నిలబడటం, కూలబడటం, పంజా చాపడం బొమ్మలు గీసేవాడు. 1897లో సంస్థలో చేరాడు. 1902లో కాళ్లు, చేతులు కదిలే ఎలుగుబంటి బొమ్మను రూపొందించాడు. దానికి పెట్టిన పేరు 55 పీబీ. ఎత్తు 55 సెంటీమీటర్లు, ప్లష్ బట్ట, కదిలే అవయవాలు, ఇవే ఆ అంకె, అక్షరాల అర్థం.

మార్గరెటెకు అది వెంటనే నచ్చలేదు. ఆమె సందేహాలకు కారణముంది. ఈ బొమ్మకు వాడినది ఫెల్ట్ కాదు, అంగోరా మేక వెంట్రుకలతో నేసిన మొహెయిర్ ప్లష్. ఖరీదైన బట్ట. బొమ్మ పెద్దది, బరువైనది. అడవిలో భయపెట్టే జంతువును పిల్లవాడు పక్కలోకి తీసుకుంటాడా? అయినా మేనల్లుడికి అడ్డు చెప్పలేదు. 1903 వసంతంలో బొమ్మను లైప్‌జిగ్ ప్రదర్శనకు పంపారు. రోజులు గడిచినా కొనేవారు రాలేదు. చివరకు అమెరికా వర్తకుడొకరు ఒకేసారి 3,000 బొమ్మలు అడిగాడు. ఆ తొలి రకం ఎలుగుబంటి ఒక్కటి కూడా నేడు ప్రపంచంలో ఎక్కడా మిగిలినట్టు ఆధారం లేదు. ఆ బొమ్మ అవయవాలను దారంతో కట్టేవారు. దారం సాగి వదులైపోయేది. తరువాతి రకాల్లో ఇనుప కడ్డీలు, ఆపై అట్ట బిళ్లలు వచ్చాయి.

అమెరికాలో అప్పటికే ఎలుగుబంటి పేరు మోగుతోంది. 1902 నవంబరులో అధ్యక్షుడు థియొడార్ రూజ్‌వెల్ట్ మిసిసిపీలో వేటకు వెళ్లినప్పుడు, చెట్టుకు కట్టేసిన ఎలుగుబంటిని కాల్చనన్నారు. క్లిఫర్డ్ బెర్రీమన్ అనే చిత్రకారుడు ఆ సంఘటనను వాషింగ్టన్ పోస్ట్‌లో కార్టూన్‌గా వేశారు. బ్రూక్లిన్‌లో చిన్న దుకాణం నడిపే మారిస్ మిచ్‌టమ్ దంపతులు ఆ కార్టూన్ చూసి ఒక ఎలుగుబంటి బొమ్మ కుట్టి, అధ్యక్షుడి ముద్దుపేరు తగిలించారు. అలా టెడ్డీ అన్న పేరు వచ్చింది. సముద్రానికి అటూ ఇటూ ఒకరినొకరు ఎరగని ఇద్దరు దాదాపు ఒకే సమయంలో ఒకే బొమ్మ చేశారు. పేరు అమెరికాది, కదిలే కాళ్లు చేతులు గీంగెన్‌వి.

1904లో సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనలో స్టైఫ్ ఎలుగుబంట్లు 12,000 అమ్ముడయ్యాయి. బహుమతులూ వచ్చాయి. అదే ఏడాది మరో మేనల్లుడు ఫ్రాంట్స్ ఒక ఆలోచన చేశాడు. నకిలీలు పెరుగుతున్నాయి కనుక ప్రతి బొమ్మ చెవికీ ఒక లోహపు గుండీ బిగించాలన్నాడు. ఆ గుండీ నేటికీ ఉంది. పాత బొమ్మలు సేకరించేవారు ముందుగా చూసేది చెవినే.

1907లో ఆ కర్మాగారం తయారు చేసిన ఎలుగుబంట్లు 9,74,000. సుమారు 400 మంది లోపల, 1,800 మంది తమ ఇళ్లలో పనిచేసేవారు. నాలుగేళ్ల కిందట ఊపిరి పోసిన 3,000 బొమ్మల ఆర్డరు, ఇప్పుడు ఒక పనిదినంలో తయారయ్యే బొమ్మలకు సమానం. ఆదివారాలు తీసేసి లెక్కవేస్తే అంతే వస్తుంది. ఇంత పెద్ద సంఖ్యలోనూ ముక్కు, మూతి మాత్రం చేత్తోనే కుట్టేవారు.

ముఖంలో ఉన్న పనితనం

టెడ్డీ బేర్ తయారీ చూడటానికి పిల్లల ఆట. చేతితో కుట్టేవారికి మాత్రం దాని లోతు తెలుసు. ప్లష్ బట్టకు మొదట నూగు ఎటు వాలుతోందో చూడాలి. తల నుంచి కిందికి నిమిరితే చేయి జారాలి, ఎదురు రాకూడదు. ముక్కలను వెనుక వైపు గీసి, నూగు తెగకుండా కింది అల్లిక మాత్రమే కత్తెర మొనతో కోయాలి. లోపలి వైపు కుట్టి, వదిలిన చిన్న సందులోంచి తిరగేయాలి. తిరగేసినప్పుడు కాలు కాలులా, తల తలలా బయటపడే క్షణం కుట్టేవారికి ఎన్నిసార్లయినా పాతబడదు. తరువాత కూరడం. స్టైఫ్ కర్మాగారంలో సన్నని చెక్క నారను కర్రతో గట్టిగా దట్టించేవారు. కళ్లకు మొదట్లో బూట్లకు వాడే నల్ల గుండీలే.

అసలు కష్టం ఆ తరువాతే. కళ్లు ఒక నూలుపోగు దగ్గరైతే కోపం, దూరమైతే అమాయకత్వం. చెవులు కిందికి దిగితే ముసలితనం వస్తుంది. ఒకే కొలత కాగితంతో కోసిన పది బొమ్మలకు పది ముఖాలు వస్తాయి. ఇంట్లో ముచ్చట కోసం కుట్టేవారు గంటల తరబడి ఈ ముఖం దగ్గరే ఆగిపోతారు.

మనకు ఈ పని కొత్త కావచ్చు, ఈ ప్రేమ కొత్తది కాదు. కొండపల్లిలో తెల్ల పొణికి చెక్కతో చెక్కిన చేతులు, కాళ్లు విడివిడిగా చేసి చింతపిక్కల పేస్టుతో అతికిస్తారు. ఏటికొప్పాకలో అంకుడు కర్రను లక్కతో మెరిపిస్తారు. మెత్తటి బొమ్మకు కావలసింది చెక్క కాదు, బట్ట. బట్ట అనగానే గుర్తుకొచ్చే ఊరు సూరత్. దేశంలో కృత్రిమ నూలు వస్త్రాలకు అది పెద్ద కేంద్రం. అక్కడి లింబాయత్ పరిసరాల్లో తెలంగాణ నుంచి మరమగ్గాల పనికి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా ఉంటున్నాయి. నేటి చేతికుట్టు టెడ్డీకి మొహెయిర్ బదులు పాలిస్టర్ బొచ్చు బట్ట, చెక్క నార బదులు పాలిస్టర్ దూది వాడుతున్నారు. సూరత్ వంటి ఊరిలో ముక్కబట్టకు కొదవ ఉండదు. మార్గరెటెకు దొరికిన అనుకూలత కూడా అదే. ఆమె ఉన్నది ఫెల్ట్ మిల్లు నీడన.

చివరి సంవత్సరాలు

బొమ్మల గిరాకీకి తగ్గట్టు 1903లో గీంగెన్‌లో కొత్త కర్మాగారం లేచింది. ఇనుప చట్రం, నేల నుంచి కప్పు దాకా రెండు పొరల గాజు గోడలు. కుట్టుపనికి పగటి వెలుగు కావాలన్నది దాని వెనుక ఆలోచన. ఆధునిక వాస్తుకు పేరుగాంచిన బౌహౌస్ పాఠశాల పుట్టింది 1919లో. అంతకు పదహారేళ్ల ముందు ఒక బొమ్మల కర్మాగారం ఇలా కట్టారు. లోపల పనిచేసేవారిలో ఎక్కువ మంది యువతులు కావడంతో ఊరివాళ్లు దాన్ని కన్యల అక్వేరియమని వేళాకోళం చేసేవారు.

1906లో సంస్థ పరిమిత బాధ్యత గల కంపెనీగా మారింది. మార్గరెటె మేనల్లుళ్లకు బాధ్యతలు పంచారు. 1907 చివరలో అమెరికాలో ఆర్థిక సంక్షోభం వచ్చింది. ఎలుగుబంట్ల మీది మోజు కూడా అదే ఊపులో ఉండలేదు. 1908లో ఫ్రాంట్స్ మరణించాడు. అంతకు ముందే తమ్ముడు ఫ్రిట్జ్‌ను కూడా ఆమె పోగొట్టుకున్నారు. ఏనుగులను సంతకు మోసిన మనిషి, చెవి గుండీ ఆలోచన చేసిన మనిషి, ఇద్దరూ ఆమె కంటే ముందే వెళ్లిపోయారు.

1909 మే 9న న్యుమోనియాతో మార్గరెటె కన్నుమూశారు. వయసు 61. సంస్థను మేనల్లుళ్లు నడిపించారు. రిచర్డ్ తరువాత అమెరికా వెళ్లి అక్కడి వ్యాపారం చూసుకున్నాడు. గీంగెన్‌లో ఉన్నత పాఠశాలకు ఆమె పేరు పెట్టారు. 2005లో అక్కడ స్టైఫ్ బొమ్మల ప్రదర్శనశాల తెరిచారు. రెండు ప్రపంచ యుద్ధాలను దాటిన ఆ గాజు కర్మాగారం, దాని పెద్ద పెద్ద గాజు పలకలతో సహా, నేటికీ ఆ ఊళ్లో నిలిచి ఉంది.